కృష్ణా పరీవాహకంలో వాన లెక్క వేరు, నీటి లెక్క వేరు

2009 సెప్టెంబరు 30న వాతావరణ శాఖ లెక్కల్లో నైరుతి రుతుపవనాల కాలం ముగిసింది. దేశం మొత్తం మీద 22 శాతం లోటు. 1972 తర్వాత అంత లోటు ఎన్నడూ నమోదు కాలేదు. రెండు రోజులు తిరగకుండానే, అక్టోబరు 2న, కర్నూలు నగరం తుంగభద్ర, హంద్రీ నీళ్లలో మునిగిపోయింది. మంత్రాలయంలో మఠంలోకి వరద చొచ్చుకొచ్చింది. శ్రీశైలం జలాశయానికి గరిష్ఠంగా 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చిపడింది. ఆ ఆనకట్టకు రూపకల్పన చేసిన నాడు ఇంజనీర్లు ఊహించిన అతి పెద్ద వరద 19 లక్షల క్యూసెక్కులు. పూర్తి నీటిమట్టం 885 అడుగులు కాగా నీరు 896 అడుగులు తాకింది. ఆనకట్ట నిలబడింది కాబట్టి ఇవాళ మనం దాన్ని ఒక వరదగా చెప్పుకోగలుగుతున్నాం.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. పత్రికల్లో రోజూ కనిపించే టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. పాతిక లక్షల క్యూసెక్కులు ఒక రోజంతా నిలకడగా పారితే 216 టీఎంసీలు అవుతాయి. శ్రీశైలం జలాశయం ప్రస్తుత సామర్థ్యం దాదాపు అంతే, 215.8 టీఎంసీలు. అడుగంటిన శ్రీశైలాన్ని కూడా ఒక పగలు, ఒక రాత్రిలో నింపేయగల ఉద్ధృతి అది.

కరువు ఏడాది అనిపించుకున్న ఏడాదిలోనే ఇది జరిగింది. ఏటా వానలు ముగిశాక ‘సాధారణం’, ‘లోటు’, ‘అధికం’ అని ఒక మాటతో తేల్చేస్తాం. సగటుకు 19 శాతం ఎక్కువ, 19 శాతం తక్కువ మధ్య ఎంత కురిసినా అది ‘సాధారణం’ కిందే జమ. రైతుకు, నదికి, భూగర్భానికి ఆ ఒక్క అంకెతో తేలేది చాలా తక్కువ. వాన ఎక్కడ పడింది, ఏ కార్తెలో పడింది, ఎంతసేపట్లో పడింది, పడేనాటికి నేల తడిసి ఉందా ఎండి ఉందా, జలాశయంలో ఖాళీ ఉందా లేదా అన్నవే నీటిని నిర్ణయిస్తాయి. కృష్ణా నది ఈ సంగతిని ఎంత స్పష్టంగా చూపిస్తుందో మరే నదీ అంత స్పష్టంగా చూపించదని నా అభిప్రాయం.

రాలినదెంత, నదికి చేరినదెంత

మహారాష్ట్రలోని మహాబలేశ్వరం దగ్గర పుట్టి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే లోపు కృష్ణ దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఉపనదులన్నీ కలుపుకొని దాని పరీవాహక ప్రాంతం సుమారు 2,59,000 చదరపు కిలోమీటర్లు. ఆ ప్రాంతమంతటి సగటు వర్షపాతం ఏడాదికి 780 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఈ రెండింటినీ గుణిస్తే ఏటా ఆకాశం నుంచి రాలే నీరు 7,000 టీఎంసీలు దాటుతుంది. రాష్ట్రాల మధ్య కృష్ణా జలాల వివాదాన్ని విచారించిన బ్రిజేష్‌కుమార్ ట్రైబ్యునల్ 47 సంవత్సరాల ప్రవాహాలను పరిశీలించి తేల్చిన నదీ ప్రవాహ సగటు 2,578 టీఎంసీలు. అంటే రాలిన నీటిలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ మాత్రమే నదిలో కనిపిస్తుంది.

మిగిలినదంతా వృథా అనుకోకూడదు. జొన్న చేను, కంది చేను, అడవి, గడ్డిమైదానం బతికేది ఆ నీటితోనే. నేల తడిసి, మొక్క పీల్చి, ఎండకు ఆవిరై పోగా మిగిలింది నదికి దక్కుతుంది. నేల ముందు తన బాకీ రాబట్టుకుని, ఆ తర్వాతే నదికి వదులుతుందన్నమాట. వాన కాస్త తగ్గితే నది బాగా తగ్గడానికి కారణం ఇదే. లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. 780 మిల్లీమీటర్ల వానలో నేల, మొక్క, ఎండ కలిసి 500 తీసుకుంటే నదికి 280 మిగులుతుంది. వాన పది శాతం తగ్గి 702 అయిన ఏడాది కూడా నేలకు దాదాపు అంతే కావాలి, ఓ 490 అనుకుందాం. నదికి మిగిలేది 212. వాన తగ్గింది పది శాతమే, నది తగ్గింది పాతిక శాతానికి దగ్గరగా. వాతావరణ శాఖ పట్టికలో ఆ ఏడాది హాయిగా ‘సాధారణం’ అనే ఉంటుంది. నాగార్జున సాగర్ ఎడమ కాలువ చివరి ఊరి రైతుకు మాత్రం అది నీళ్లు రాని ఏడాది.

నేల స్వభావం కూడా ఇందులో పెద్ద పాత్రే పోషిస్తుంది. మే నెలలో కర్నూలు, రాయచూరు వైపు నల్లరేగడి చేలో నడిచి చూస్తే నెర్రెలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. తొలకరి జల్లు ఆ నెర్రెల్లోకి దిగి మాయమవుతుంది. రెండు అంగుళాల వాన పడినా గట్టు మీద చుక్క నిలవదు, వాగులో చప్పుడు ఉండదు. రైతుకు కావలసిన పదును మాత్రం వస్తుంది, ఏరువాక సాగుతుంది. నాలుగైదు మంచి వానలు పడ్డాక బంకమన్ను ఉబ్బి నెర్రెలు మూసుకుపోతాయి. ఇక ఆ తర్వాత పడిన అదే రెండు అంగుళాల వాన చేలో నిలబడి, గట్టు తెంచుకుని, వంకలో పడి, వాగై ఉరుకుతుంది. వానలో మార్పు లేదు, మారింది దాన్ని అందుకునే నేల. జూన్‌లో నదికి ఏమీ ఇవ్వని వాన సెప్టెంబరు చివరికి వరద తెచ్చిపెట్టడం అందుకే. 2009లోనూ సెప్టెంబరు వానలకు నేల తడిసి, జలాశయం నిండుగా ఉన్న స్థితిలో ఆ మూడు రోజుల కుండపోత వచ్చిపడింది.

కనుమల నీడ

కృష్ణకు నీళ్లిచ్చేది పరీవాహకం అంతా సమానంగా కాదు. అరేబియా సముద్రం మీదుగా వచ్చే తేమగాలి పశ్చిమ కనుమలను ఢీకొని పైకి లేచి, చల్లబడి, కురుస్తుంది. మహాబలేశ్వరంలో ఏటా సగటున 6,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. అక్కడికి తూర్పున ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న పంచగనిలో అందులో మూడో వంతే. ఘాటు రోడ్డు దిగి వాయి పట్టణం చేరేసరికి అది ఇంకా పడిపోతుంది. అక్కడి నుంచి తూర్పుగా వందల కిలోమీటర్ల మేర వర్షచ్ఛాయ ప్రాంతం. బీజాపూరు, రాయచూరు, బళ్లారి, అనంతపురం, మహబూబ్‌నగర్ అన్నీ ఆ నీడలో ఉన్నవే. అనంతపురం సగటు 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది.

కోయన, పంచగంగ, దూధ్‌గంగ, ఘటప్రభ, మలప్రభ, తుంగ, భద్ర అన్నీ ఆ కనుమల అంచున పుట్టినవే. మ్యాపులో సన్నటి పట్టీలా కనిపించే ఆ కొండల వరుస నుంచే నదీ ప్రవాహంలో సింహభాగం వస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఎక్కువ వాన పడే చోట ఏటికేడాది హెచ్చుతగ్గులు తక్కువ. కనుమల్లో వాన మోసం చేసే ఏడాదులు ఉంటాయి కానీ అరుదు. మైదానంలో, ముఖ్యంగా రాయలసీమలో, ఒక ఏడాదికీ మరో ఏడాదికీ పొంతన ఉండదు. ‘చిత్త చినుకు తన చిత్తం ఉన్న చోట పడుతుంది’ అన్న సామెత ఈ నేలకు సరిగ్గా సరిపోతుంది. అక్టోబరు నాటి ఉరుము వాన ఒక పొలాన్ని ముంచి పక్క పొలాన్ని ఎండబెట్టడం చూసినవారే ఆ మాట అనగలరు.

కనుమల్లో వాన ఎప్పుడు జోరందుకుంటుందన్నది మాత్రం చాలాసార్లు మన వైపు సముద్రమే తేలుస్తుంది. ఒడిశా తీరానికి దగ్గరగా బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే పడమటి గాలులు బలపడతాయి. అవి కొంకణ తీరానికి ఇంకా ఎక్కువ తేమను తోసుకొస్తాయి. మహాబలేశ్వరంలో, కోయనలో నాలుగైదు రోజులు ఎడతెరిపి లేకుండా కురుస్తుంది. కర్ణాటకలోని ఆలమట్టి, నారాయణపూర్ జలాశయాలు నిండి ఉంటే ఆ నీరు జూరాలకు, శ్రీశైలానికి దిగుతుంది. అవి నిండకపోతే మనకు కబురు మాత్రమే వస్తుంది. రుతుపవన ద్రోణి, అంటే ఉత్తర భారతం మీదుగా సాగే అల్పపీడన రేఖ, హిమాలయాల పాదాల దాకా జరిగిపోయిన రోజుల్లో ఇదంతా తలకిందులవుతుంది. కనుమల్లో జోరు తగ్గిపోతుంది. రాయలసీమలో సాయంత్రం పూట ఉరుములతో జల్లులు పడతాయి. చేలు కళకళలాడతాయి, జలాశయం మాత్రం పెరగదు. ఊళ్లో వానలు బాగున్నా శ్రీశైలం ఎందుకు నిండలేదని అడిగేవారికి జవాబు ఇదే. శ్రీశైలం నిండేది శ్రీశైలంలో పడిన వానకు కాదు.

ఏ కార్తెకు వచ్చింది

‘మఖ పుబ్బలు వరుపైతే మహా ఎత్తైన క్షామం’ అన్నారు పెద్దలు. మఖ, పుబ్బ కార్తెలంటే ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు రెండో వారం వరకు. 2023 ఆగస్టు 1901 నుంచి ఉన్న రికార్డుల్లోనే దేశంలో అత్యంత పొడి ఆగస్టు. ఆ ఏడాది శ్రీశైలం నిండలేదు, సాగర్ గేట్లు ఎత్తలేదు, సాగర్ ఆయకట్టులో వరి నాట్లు ఆగిపోయాయి. అదే ఏడాది జులై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణ సగటు వర్షపాతానికి ఆ సీజనులో లోటేమీ రాలేదు. కానీ ములుగు నీరు పోయేది గోదావరికి. రాష్ట్రం సగటు చూసి మంచి ఏడాది అనుకున్నవారికి నల్గొండ కాలువలు ఎందుకు ఎండాయో అర్థం కాదు. వాన రాష్ట్రాల సరిహద్దులు చూసి కురవదు కాబట్టి పరీవాహకాల వారీగా లెక్క చెబితేనే అది ఎవరికైనా పనికొస్తుంది. జిల్లాల వారీగా వర్షపాతం ప్రచురించే అలవాటు మనకుంది. నదుల వారీగా, ఉపనదుల వారీగా అంతే శ్రద్ధతో ప్రచురిస్తే రైతుకు, విలేకరికి, అధికారికి ఒకే చిత్రం కనిపిస్తుంది.

ఆలస్యంగా వచ్చిన నీరు కూడా సగం నష్టమే. కృష్ణా డెల్టాలో 13 లక్షల ఎకరాల దాకా ఆయకట్టు ఉంది. ఆ నారుమళ్లకు జూన్‌లో నీళ్లు కావాలి. ఎగువ జలాశయాలన్నీ నిండి డెల్టాకు వంతు వచ్చేసరికి చాలా ఏళ్లలో ఆగస్టు దాటుతుంది. అప్పుడు నాట్లు వేస్తే కోతలు నవంబరు, డిసెంబరు తుపానుల నోటికి చిక్కుతాయి. కల్లంలో తడిసి మొలకెత్తిన ధాన్యం ఫొటోలు ఏటా పత్రికల్లో చూస్తున్నామంటే దాని మూలం ఆరు నెలల ముందు, వెయ్యి కిలోమీటర్ల అవతల, కనుమల్లో ఆలస్యమైన వానలో ఉండవచ్చు. గోదావరి నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా నీటిని విజయవాడ దగ్గరి ప్రకాశం బ్యారేజీ ఎగువకు తేవడంలోని ప్రధాన ఉద్దేశం ఇదే. గోదావరికి వరద జులైలోనే వస్తుంది. పట్టిసీమ ఇచ్చే నీటి పరిమాణం గురించి ఎంత చర్చ జరిగినా, దాని అసలు విలువ అది కొని పెట్టే సమయంలో ఉంది.

నాలుగు వరదలు, నాలుగు దారులు

కనుమల్లో పడిన వానకు ఒక మంచి గుణం ఉంది. అది చెప్పి వస్తుంది. 2019 ఆగస్టు మొదట్లో సాంగ్లీ, కొల్హాపూర్ మునిగినప్పుడు ఆ నీరు మన దాకా రావడానికి రోజులు పట్టింది. శ్రీశైలం నిండింది, ఆగస్టు రెండో వారంలో సాగర్ గేట్లు ఎత్తారు. ఆ నీటి సంవత్సరంలో సుమారు 800 టీఎంసీలు సముద్రంలో కలిశాయి. వరదే అయినా సిద్ధపడే వ్యవధి ఇచ్చిన వరద.

2009లో అలా జరగలేదు. అప్పుడు కురిసింది పెద్ద ఆనకట్టలకు దిగువన, ఉత్తర కర్ణాటక మైదానంలో, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో. ఏడాదంతా వర్షచ్ఛాయలో ఉండే నేల మీద. హొసపేట దగ్గరి తుంగభద్ర జలాశయానికి, శ్రీశైలానికి మధ్య తుంగభద్ర మీద ఆ వరదను పట్టి ఉంచగల పెద్ద జలాశయం లేదు. సుంకేశుల చిన్న బ్యారేజీ మాత్రమే. నీరు శ్రీశైలం చేరడానికి గంటలే పట్టింది. మరోవైపు, ఏడాదంతా కరువు భయంతో గడిపి సెప్టెంబరు చివర్లో నిండిన జలాశయాన్ని, వాన వస్తుందేమోనని ఖాళీ చేయడానికి ఎవరి చేయి ఆడుతుంది? ఎండ మిగిల్చిన భయమే వరదను పెద్దది చేసిందని నేను నమ్ముతాను. అయినా శ్రీశైలం, సాగర్ కలిసి ఆ ఉద్ధృతిని చాలావరకు తమలో ఇముడ్చుకున్నాయి. శ్రీశైలంలో 25 లక్షలు దాటిన ప్రవాహం విజయవాడ చేరేసరికి 11 లక్షల క్యూసెక్కుల చిల్లరకు తగ్గింది.

2020 అక్టోబరులో వాన నదికి ఎదురు నడిచింది. కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం తెలంగాణ మీదుగా పడమటికి పోయింది. హైదరాబాదులో మూసీ పొంగింది, మరుసటి రోజుల్లో ఎగువన కర్ణాటక, మహారాష్ట్రల్లో భీమా నది పొంగింది.

ఇక 2024 సెప్టెంబరు 1, 2 తేదీలు. ఆగస్టు చివరి రెండు రోజుల్లో పడిన వాన విజయవాడ, ఖమ్మం పరిసరాలను ముంచింది. శ్రీశైలం, సాగర్ అప్పటికే నిండి ఉన్నాయి, వచ్చిన నీటిని వచ్చినట్టే వదలాలి. దానికి తోడు సాగర్ దిగువన మూసీ, పాలేరు, మున్నేరు ఒక్కసారి పొంగాయి. మ్యాపు ముందు పెట్టుకుని చూడవలసిన చోటు ఇది. మూసీ వాడపల్లి దగ్గర కలుస్తుంది, అంటే సాగర్‌కు, విజయవాడకు మధ్యనున్న పులిచింతల జలాశయానికి ఎగువన. పాలేరు, మున్నేరు కలిసేది పులిచింతలకు దిగువన. మున్నేరు మీద చెప్పుకోదగ్గ పెద్ద జలాశయం లేదు. వైరాను, కట్టలేరును కలుపుకొని వచ్చే ఆ నీటిని ఆపడానికి ప్రకాశం బ్యారేజీ దాకా మరే అడ్డూ లేదు. బ్యారేజీ దగ్గర 11.4 లక్షల క్యూసెక్కులు నమోదైంది, 2009 నాటి రికార్డును దాటింది. శ్రీశైలం దగ్గర చూస్తే 2009తో పోల్చదగ్గ వరదే కాదు, అయినా విజయవాడకు అంతకంటే పెద్ద వరద. మైలవరం కొండల నుంచి వచ్చే బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. బుడమేరు నీటిని మళ్లించేది కృష్ణలోకే. కృష్ణ నిండుగా ఉన్న రోజున ఆ నీరు పోవలసిన చోటికి పోలేదు.

ముసురు, కుండపోత

భూగర్భ జలాల సంగతి వచ్చేసరికి కురిసిన వేగమే ప్రధానం. తెలంగాణ, రాయలసీమల్లో చాలా భాగం కింద ఉన్నది గట్టి గ్రానైటు రాయి. డెల్టాలోలాగా లోతైన ఇసుక పొరలు లేవు. పైన ఉన్న కొద్దిపాటి మొరం, దాని కింద రాతి పగుళ్లు, వాటిలో దాచగలిగినంతే నీరు. పదిరోజులు ముసురు పట్టి రోజుకు పది మిల్లీమీటర్లు పడితే అది నెమ్మదిగా ఇంకి ఆ పగుళ్లను చేరుతుంది. అదే వంద మిల్లీమీటర్లు ఒక సాయంత్రం నాలుగు గంటల్లో పడితే చినుకు దెబ్బకు ఎర్రచెలక మీద గట్టి పొర కట్టి, నీరు మట్టిని కోసుకుంటూ వాగులో పడుతుంది. వర్షమాపకంలో రెండు సందర్భాల్లోనూ వందే. మొదటి సందర్భంలో బోరు రబీ దాకా పోస్తుంది. రెండో సందర్భంలో బోరు సంక్రాంతికే వట్టిపోతుంది, పోయిన మట్టి జలాశయం అడుగున చేరుతుంది. శ్రీశైలం మొదట 308 టీఎంసీల జలాశయం, సాగర్ 408 టీఎంసీల జలాశయం. ఇప్పుడు శ్రీశైలం 216కు, సాగర్ 312కు దిగాయి. తుంగభద్ర 133 నుంచి 106 దగ్గరికి వచ్చింది. ఆ పోయిన సామర్థ్యమంతా కుండపోతలు మోసుకొచ్చిన పొలాల మట్టి.

గొలుసుకట్టు చెరువులు కట్టిన మన పూర్వికులు ఈ వేగాన్ని తగ్గించే పనే చేశారు. పై చెరువు నిండి అలుగు పోస్తే కింది చెరువు, అదీ నిండి మత్తడి దూకితే దాని కింది చెరువు. నాలుగు గంటల వానను నాలుగు నెలల ఊటగా మార్చే ఏర్పాటది. తెలంగాణలో మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను తలపెట్టడం వెనుక ఉన్న ఆలోచన సరైనదే. అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. వాన తక్కువైన ఏడాది పై చెరువులో ఆగిన నీరు కింది జలాశయానికి రాదు. చెరువు నింపుకున్న ఊరికి, కాలువ చివరి ఊరికి మధ్య కొత్త నీరేమీ పుట్టదు, ఉన్న నీరు చేతులు మారుతుంది. నా ఓటు మాత్రం చెరువుకే. సాగర్ పూర్తిగా నిండినప్పుడు దాని ఉపరితలం 285 చదరపు కిలోమీటర్లు. అక్కడ ఒక్క మీటరు నీరు ఎండకు ఎగిరిపోతే పది టీఎంసీలు పోయినట్టు. చెరువు నుంచి ఇంకి రాతి పగుళ్లలో చేరిన నీటిని ఎండ తాకలేదు.

కుండపోతలు పెరుగుతున్నాయన్నది ఊహ కాదు. 1951 నుంచి 2000 వరకు మధ్య భారతంలో రోజువారీ వర్షపాతాన్ని పరిశీలించి 2006లో శాస్త్రవేత్తలు ఒక సంగతి తేల్చారు. అతిభారీ వానలు పెరిగాయి, మధ్యస్థంగా కురిసే వానలు తగ్గాయి, సీజను సగటులో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఒకటి పెరిగి ఒకటి తగ్గితే సగటు కదలదు. సగటు కదలలేదు కాబట్టి అంతా మామూలే అనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

పంపకానికి వాడిన అంకె

కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచడానికి 1969లో ఏర్పడిన బచావత్ ట్రైబ్యునల్ 1894-95 నుంచి 1971-72 వరకు 78 ఏళ్ల ప్రవాహాలను చూసి 75 శాతం విశ్వసనీయతతో 2,060 టీఎంసీలు ఉన్నాయని లెక్క తేల్చింది. నాలుగేళ్లలో మూడేళ్లు అంతో, అంతకంటే ఎక్కువో నీరు వస్తుందని దాని అర్థం. వాడుకున్నాక తిరిగి నదిలోకి ఊరే నీటిని కలిపాక మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు వచ్చాయి. మిగులు జలాలను వాడుకునే వెసులుబాటు దిగువ రాష్ట్రానికి ఇచ్చారు. ఆ రోజుకు అది న్యాయమైన ఏర్పాటే. నాలుగో ఏడాది ఏమవుతుందన్నదే ప్రశ్న.

ఎగువనున్న మహారాష్ట్ర, కర్ణాటక తమ వాటా పూర్తిగా వాడుకుంటున్నారనుకుని లెక్క వేద్దాం. మొత్తం 2,130 రావలసిన చోట 1,730 వచ్చింది. అంటే లోటు 19 శాతం. ఎగువన 1,319 ఆగిపోతే దిగువకు మిగిలేది 411, అంటే 811లో సగం. కొరత ఏడాదిలో లోటును దామాషాగా పంచుకునే పద్ధతి అమల్లోకి రాలేదు కాబట్టి మొత్తం దెబ్బ చివర ఉన్నవారికే. పైగా చెడ్డ ఏడాదులు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ చొప్పున పద్ధతిగా రావు. 2002 తర్వాత వరుసగా వచ్చాయి, 2015 తర్వాతా వచ్చాయి. 75 శాతం అన్న అంకె ఆ వరసను చెప్పదు. శ్రీశైలం, సాగర్‌లలో 150 టీఎంసీలు మరుసటి ఏడాదికి దాచుకోవచ్చన్న నిబంధనకు అందుకే అంత విలువ. మంచి ఏడాది చివర గేట్లు మూసే రోజున దాన్ని గుర్తుపెట్టుకోవాలి. 2020-21లో 1,200 టీఎంసీలకు పైగా సముద్రంలో కలిసిన నదే, మూడేళ్లు తిరిగేసరికి సాగర్ ఆయకట్టుకు నీళ్లివ్వలేకపోయింది.

దాచుకోవాలన్న అవసరం, ఖాళీ ఉంచాలన్న అవసరం సెప్టెంబరులో ఎదురెదురు నిలుస్తాయి. విజయవాడ దగ్గర వరద గరిష్ఠ స్థాయిని ఒక రోజుపాటు రెండు లక్షల క్యూసెక్కులు తగ్గించాలంటే ఎగువన 17 టీఎంసీల ఖాళీ కావాలి. పులిచింతల సామర్థ్యం 45 టీఎంసీల పైచిలుకు. మున్నేరు పరీవాహకంలో అతిభారీ వాన సూచన వచ్చిన నాడు పులిచింతలను అంతమేరకు ముందే దించి, మున్నేరు నీరు దాటిపోయే దాకా సాగర్ నీటిని అక్కడ పట్టి ఉంచవచ్చు. సూచన తప్పితే ఆ 17 టీఎంసీలు సముద్రం పాలవుతాయి. డెల్టాలో టీఎంసీకి ఏడు వేల ఎకరాల చొప్పున చూస్తే లక్షా ఇరవై వేల ఎకరాల నీరు. ఆ నష్టభయాన్ని ఆ రాత్రి విధుల్లో ఉన్న ఒక ఇంజనీరు భుజాల మీద పెట్టడం అన్యాయం. ఏ నెలలో ఏ జలాశయంలో ఎంత ఖాళీ ఉంచాలి, ఏ ఉపనది మీద ఎంత వాన సూచన వస్తే ఎన్ని గేట్లు ఎత్తాలి, సూచన తప్పితే ఆయకట్టుకు నష్టం ఎవరు భరించాలి అన్నవి వానలు మొదలవక ముందే, మే నెలలోనే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ముందు కూర్చుని రాసి సంతకాలు చేసుకోవాలి.